ఆకులెత్తిన వంట మేస్త్రి

కోనసీమలో చినకొత్తలంక అనే ఊళ్ళో సర్వారాయుడు అనే వంట మేస్త్రి ఉండేవాడు. ఆయన వంటకు వంక పెట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు గానీ, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ దగ్గరికి మనుషుల్ని తోలేసే గుణం మాత్రం ఆయనకు బాగా ఉండేది.

ఆయన చేతికింద అరవైమంది పనిచేసేవారు. కూరలు తరిగేవాళ్ళు, పొయ్యిలు చూసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, అందరూ ఆ లంక ఊళ్ళవాళ్ళే. పెళ్ళయినా, గృహప్రవేశమైనా, ఊరంతటికీ భోజనాలైనా సర్వారాయుడి జట్టే వెళ్ళేది. ఆ అరవై ఇళ్ళలో పొయ్యి వెలగాలంటే ఈ జట్టుకి పని ఉండాలి. ఆ సంగతి సర్వారాయుడికి బాగా తెలుసు. అందుకే ఏ పని దగ్గర కేక వినబడినా గుండె గుభేలుమనేది ఆయనకు.

జట్టులో అందరికన్నా పెద్ద గొంతు బులిసత్యానిది. బూరెల మూకుడు దగ్గర కూర్చునేది అతనే. పనిమంతుడే, కాదనడానికి లేదు. పూర్ణం ఉండని పిండిలో ముంచి నూనెలో వదిలితే బంతిలా పైకి తేలేది. కాకపోతే పొయ్యి రాజేసిన దగ్గర్నుంచీ ఒకటే గోల. "మేస్త్రీ! మనుషులు చాలట్లేదు! నా కొంప మునిగిపోతోంది! తర్వాత బూరెలు తక్కువైతే నన్నడగొద్దు!" అనేవాడు. సర్వారాయుడు కంగారుపడిపోయి, కనబడ్డవాడినల్లా పట్టుకుని, "ఒరే, నువ్వు బులిసత్యం దగ్గరికి పో" అనేవాడు.

అన్నం వార్చే చోట నూకరత్నం అనే ఆవిడ ఉండేది. ఆమెకు నోట్లో నాలుక లేదనుకునేవారు అందరూ. పొద్దున్న వచ్చి కొంగు బిగించిందంటే, పని అయ్యేదాకా ఆవిడ మాట వినబడేది కాదు. ఆవిడ అరవదు కాబట్టి ఆవిడకేమీ అక్కర్లేదనుకునేవాడు సర్వారాయుడు. ఎక్కడ మనుషులు తక్కువైనా ముందుగా ఆవిడ దగ్గరనుంచే లాగేవాడు. "నీకేం రత్నం, నువ్వు చూసుకుంటావులే" అనేవాడు. అది మెచ్చుకోలు అనుకునేవాడు పాపం.

ఒకసారి పక్క ఊళ్ళో పెద్ద పెళ్ళి వచ్చింది. తొమ్మిది వందల మంది, మూడొందల చొప్పున మూడు బంతుల్లో కూర్చోబెట్టాలి. నూకరత్నం దగ్గర ఆరుగురు మనుషులున్నారు. బులిసత్యం ఒక కేక వేశాడు, ఇద్దరు పోయారు. ఇంకో కేక వేశాడు, మరో ఇద్దరు పోయారు. అప్పుడు నూకరత్నం ఒక్క మాట అంది. "మేస్త్రి గారూ, అన్నం గుండిగ వంచాలంటే నలుగురైనా ఉండాలండి."

"అబ్బా, నువ్వు కూడానా! చూసుకుంటావులే" అని సర్వారాయుడు వెళ్ళిపోయాడు.

మొదటి బంతికి ఆవిడ చూసుకుంది. రెండో బంతికీ ఎలాగో చూసుకుంది. మూడో బంతిలో మగపెళ్ళివారు కూర్చున్నారు. ఆకుల్లో పనసపొట్టు కూర పడింది, గోంగూర పచ్చడి పడింది, పులిహోర పడింది, గారె పడింది. బూరెలైతే రెండేసి కాదు, మూడేసి పడ్డాయి. అన్నీ వచ్చాయి గానీ అన్నం రాలేదు! ఆకుమీద అన్నం, పప్పు, నెయ్యి పడితే తప్ప మనవాళ్ళు చెయ్యి పెట్టరు కదా. మూడొందల మంది నిండిన ఆకుల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఈగలు ముసిరాయి. చివరికి పెళ్ళికొడుకు పెదనాన్న లేచి నిలబడ్డాడు. తిననైనా తినకుండా ఆకు ముందునుంచి లేచిపోవడం కన్నా వంటవాడికి వేరే శిక్ష ఉంటుందా! ఆయన వెనక నలభైమంది లేచిపోయారు.

వంటశాలలో నూకరత్నం, మిగిలిన ఇద్దరూ కలిసి గుండిగ వంచుతున్నారు. ఆవిడ ముంజేతి మీద గంజి పడి బొబ్బ లేచింది. పక్కనే బులిసత్యం దగ్గర పదహారుమంది, గంప నిండా బూరెలు! సర్వారాయుడికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి నూకరత్నం పనికి రావడం మానేసింది.

ఆ మాట గోదావరికి రెండు వైపులా పాకిపోయింది. "సర్వారాయుడి భోజనమా? కూరలతో కడుపు నింపుకోవాలి, అన్నం ఉండదుట" అని నవ్వుకున్నారు జనం. రెండు పెళ్ళిళ్ళు చేజారిపోయాయి. జట్టులోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

అంతలో చినకొత్తలంకకు వంతెన పూర్తయింది. ఆ ఊరివాళ్ళు తాతముత్తాతల కాలం నుంచీ పడవ ఎక్కితే గానీ బజారు మొహం చూడలేదు. పురుడొచ్చినా పడవే, పాము కరిచినా పడవే. అలాంటి ఊరికి వంతెన వస్తే ఆనందం పట్టగలమా! చుట్టుపక్కల లంకలన్నిటినీ భోజనాలకు పిలవాలని ఊరిపెద్దలు తీర్మానించారు. ఐదు వేల మంది. పది బంతులు.

ఆ పనికి వేసిన కమిటీలో సగంమంది, "పట్నం నుంచి బఫే వాళ్ళని పిలిపిద్దాం. ఎవడి కంచం వాడు పట్టుకుని నిలబడి తింటాడు, గొడవుండదు" అన్నారు. కమిటీకి పెద్ద తాతబ్బాయి గారు మాత్రం సర్వారాయుణ్ణి పిలిపించాడు.

"ఏమయ్యా సర్వారాయుడూ, నిలబడి తినే భోజనం నాకు సయించదు. కానీ పెళ్ళిలో నువ్వు చేసిన నిర్వాకం నేనూ విన్నాను. ఈ ఒక్క పనీ నీకిస్తాను. ఉదయం పదిన్నరకి మొదటి బంతి, మూడున్నరకి పదో బంతి లేవాలి. నాలుగింటికి వంతెన మీద సభ ఉంది. ఒక్క మనిషి ఆకలితో వెళ్ళాడా, ఇక ఈ లంకల్లో బంతి భోజనం మాటెత్తను. బఫే వాళ్ళకే శాశ్వతంగా అప్పజెప్పేస్తాను. నీ జట్టు సంగతి నువ్వే చూసుకోవాలి" అన్నాడు.

సర్వారాయుడు "సరేనండి" అన్నాడు. అక్కణ్ణుంచి తిన్నగా నూకరత్నం ఇంటికి వెళ్ళాడు.

నూకరత్నం అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మేస్త్రిని చూసి లేచి నిలబడింది, ముంజేతి మీద మచ్చని కొంగుతో కప్పుకుంది. సర్వారాయుడికి అది చూసి కళ్ళు చెమర్చాయి.

"తప్పు నాదే రత్నం. ఒప్పుకోడానికే వచ్చాను. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకు. అన్ని తిప్పలు పడుతూ నువ్వెందుకు గట్టిగా అరవలేదు? అరిస్తే నేను రానా?" అన్నాడు.

నూకరత్నం చింతపండు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "మరుగుతున్న గుండిగ చెవి పట్టుకున్నాక మేస్త్రి గారూ, అరవడానికి తల తిప్పితే చెయ్యి ఒణుకుద్దండి. చెయ్యి ఒణికితే పక్కమనిషి కాలిపోద్దండి. అరవడానికి తీరికుందంటే ఆ మనిషికి చేతులు ఖాళీగా ఉన్నట్టే గదండి, ఆయ్."

సర్వారాయుడు అరుగుమీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా మేస్త్రీగిరీ చేస్తున్నాడు, ఈ చిన్న సంగతి బుర్రకెక్కలేదు! వంతెన భోజనాల సంగతంతా చెప్పి, "ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు.

నూకరత్నం గుప్పెట్లతో చింతపిక్కలు తీసి, అరవై లెక్కపెట్టి ఆయన ముందు పోసింది. "ఒక్కో పిక్క ఒక్కో మనిషి అనుకోండి. ఏ పనికి ఎందరు కావాలో పెట్టుకుంటూ రండి" అంది.

సర్వారాయుడు అరుగుమీద సుద్దతో గళ్ళు గీశాడు. తరగడానికి ఇందరు, పప్పుకి ఇందరు, బూరెలకి ఇందరు, వడ్డనకి ఇందరు. గళ్ళన్నీ నిండకముందే పిక్కలు అయిపోయాయి. "చాలవు రత్నం. ఇంకో పదిహేనుమంది కావాలి. ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు.

"వీళ్ళంతా ఒకే గంటలో కావాలాండి?" అంది నూకరత్నం.

సర్వారాయుడు తెల్లబోయాడు. నిజమే! ఎనిమిదింటికల్లా తరుగుడు అయిపోతుంది. అప్పుడు ఆ తరిగే పన్నెండుమంది చేసేదేమిటి? చెట్టు నీడన కూర్చుని చుట్టలు కాలుస్తారు. పదిన్నర దాకా వడ్డనవాళ్ళకు పని లేదు. వాళ్ళు పొద్దున్నే తరగొచ్చు, నీళ్ళు మోయొచ్చు. సర్వారాయుడు గంట గంటకీ పిక్కల్ని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరపడం మొదలుపెట్టాడు. ఒక చోట ఒక పిక్క వెయ్యాలంటే ఇంకో చోట తియ్యాల్సిందే. తీసిన చోట ఏం జరుగుతుందో కంటికి కనబడుతోంది. ఎవరెవరు ఎప్పుడు అలిసిపోతారో, ఎప్పుడు కాసేపు కూర్చోబెట్టాలో కూడా చూసుకున్నాడు. ఎండ అరుగుమీంచి దిగిపోయేసరికి అన్ని గళ్ళూ నిండి, నాలుగు పిక్కలు మిగిలాయి.

సర్వారాయుడు సంబరపడిపోయి ఆ నాలుగూ బూరెల గడిలో వెయ్యబోయాడు. నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది. "అవి ఎవరికీ ఇవ్వకండి. ఐదువేలమంది వచ్చే చోట ఏదో ఒకటి తిరగబడకుండా ఉండదండి. అప్పుడు మీ చేతిలో మనిషి ఉండాలి."

"మరి నువ్వు వస్తావా?" అన్నాడు సర్వారాయుడు భయం భయంగా.

"ఆరుగురిని ఇచ్చి, వాళ్ళని నా దగ్గరే ఉంచుతానంటే వస్తానండి" అంది నూకరత్నం.

"ఉంచుతాను. ఒట్టు" అన్నాడు సర్వారాయుడు.

పండుగ రోజు రానే వచ్చింది. వంతెన కింద ఇసుకతిన్నె చదును చేసి పందిళ్ళు వేశారు. పొడుగ్గా గాడిపొయ్యిలు తవ్వారు. చాపలు పరిచారు. వంతెనకి మామిడి తోరణాలు కట్టారు. అవతలి ఒడ్డు నుంచి జనం నడిచి రావడం చూస్తే కళ్ళు చాలలేదు. ముసలమ్మలు వంతెన మధ్యలో ఆగి, కిందికి నీళ్ళలోకి చూసి, "ఇన్నేళ్ళూ నిన్ను దాటడానికి ఎంత ఏడిపించావే!" అని గోదావరిని తిట్టి మరీ దండం పెట్టారు.

వంటశాలలో పని గడియారంలా సాగింది. మిగిల్చిన నలుగురూ ఓ పక్కన నులకమంచం మీద కూర్చున్నారు. అది చూసి బులిసత్యం ఒళ్ళు మండిపోయింది.

"మేస్త్రీ! నేనిక్కడ చెమటలు కక్కుతుంటే వాళ్ళు పెళ్ళికొడుకుల్లా కూర్చున్నారేం? ఇటు తోలండి!" అని అరిచాడు.

సర్వారాయుడి కాలు అలవాటుకొద్దీ మంచం వైపు పడింది. పడిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "నీకు పదిమంది చాలు బులిసత్యం. కానివ్వు" అన్నాడు.

పదిన్నరకి మొదటి బంతి కూర్చుంది. పొగలు కక్కే అన్నం వెదురు బుట్టల్లో వచ్చింది. ఐదువందల మంది తృప్తిగా తిని లేచారు. పదకొండింటికి రెండో బంతి, పదకొండున్నరకి మూడో బంతి. తాతబ్బాయి గారు గడియారం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

నాలుగో బంతి పది నిమిషాలు ఆలస్యమైంది. అది లేచి పావుగంటైనా ఐదో బంతి కూర్చోలేదు. పందిరి బయట ఎండలో జనం ఒత్తుకుంటున్నారు. "ఏం, ఇక్కడా అన్నం అయిపోయిందా?" అని ఎవరో అన్నారు. గొల్లున నవ్వారు. ఆ నవ్వు సర్వారాయుడి గుండెల్లో దిగింది. పరుగున నూకరత్నం దగ్గరికి వెళ్ళాడు. అన్నం సిద్ధంగా ఉంది. ఆరుగురూ ఉన్నారు. బుట్టల మీద తడిగుడ్డలు కప్పి ఎదురుచూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే బులిసత్యం కేకలు లంకించుకున్నాడు. "మేస్త్రీ! బూరెలు చాలవు! కమిటీవాళ్ళు మూడోది అడుగుతున్నారు! ఆ నలుగుర్నీ ఇప్పుడు పంపకపోతే నా పరువే కాదు, నీ పరువూ గంగలో కలుస్తుంది!" అతనికి తోడు కమిటీలో ఇద్దరు వచ్చి, "అవునయ్యా, ముందు బూరెల సంగతి చూడు" అని తొందరపెట్టారు.

సర్వారాయుడు అటూ ఇటూ చూశాడు. చెవిలో బులిసత్యం కేకలే. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. 'పొద్దుట్నుంచీ నేను ఎవరి గొంతు వినలేదు?' అని తనను తానే అడిగాడు. పప్పు దగ్గరవాళ్ళు ఉప్పు అడిగారు. నీళ్ళవాళ్ళు బిందె అడిగారు. వడ్డనవాళ్ళు గరిటెలు అడిగారు. ఎవరు మిగిలారు? ఎంగిలాకులు తీసేవాళ్ళు! వాళ్ళ మొహం కూడా తను చూడలేదు.

ఒక్క ఉదుటున పందిట్లోకి వెళ్ళాడు. ఐదువందల ఎంగిలాకులు చాపల ముందు అలాగే పడున్నాయి. వాటిని తీస్తున్నది ఇద్దరే ఇద్దరు, గవర్రాజు, అతని భార్య అచ్చియ్యమ్మ. గవర్రాజు మోకాలు పట్టుకుని కుంటుతున్నాడు. అచ్చియ్యమ్మ నిండిన గంప నెత్తిన పెట్టుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ ఆకులు పారేసే గోతి దాకా పరుగెడుతోంది. చీరంతా తడిసి ముద్దయింది.

"ఇద్దరేనా? మూడోవాడేడి?" అన్నాడు సర్వారాయుడు.

"బులిసత్యం గారు నెయ్యిడబ్బాలు మొయ్యాలని పొద్దున్నే తీసుకుపోయేరండి" అన్నాడు గవర్రాజు ఆయాసపడుతూ.

"నాకు చెప్పొద్దూ?"

"వచ్చి చెబుదామంటే ఈలోగా ఆకులెవరు తీత్తారండి?" అంది అచ్చియ్యమ్మ గంప దించకుండానే.

సర్వారాయుడు వెంటనే మంచం మీది నలుగుర్నీ కేకేశాడు. బులిసత్యం అడ్డం వచ్చాడు. "ఆగు మేస్త్రీ! మతి పోయిందా? ఎంగిలి ముట్టుకున్న చెయ్యి మళ్ళీ వంట ముట్టుకోకూడదు. వాళ్ళని ఆకులకి పంపావంటే ఇవాళ్టికి ఇక పిండికీ పనికిరారు, వడ్డనకీ పనికిరారు. తర్వాత బూరెలు తక్కువైతే ఎవడిస్తాడు మనిషిని?"

అది నిజమే. ఆ నలుగురూ వెళ్తే సర్వారాయుడి చేతిలో ఇక మనిషంటూ ఉండడు. వడ్డనవాళ్ళు పదహారుమంది ఖాళీగా నిలబడే ఉన్నారు, కానీ వాళ్ళనూ ఆకు ముట్టుకోమనడానికి లేదు. నలుగురు, ఇద్దరు, వెరసి ఆరుగురు. ఐదువందల ఆకులకి ఆరుగురు చాలరు. ఇంకొక్క జత చేతులు కావాలి. ఎక్కడున్నాయి?

సర్వారాయుడు తన చేతుల వైపు చూసుకున్నాడు.

భుజం మీది తువ్వాలు తీసి నడుముకి బిగించాడు. చేతిలో గరిటె తీసుకెళ్ళి నూకరత్నం చేతిలో పెట్టాడు. "రత్నం, నేనిప్పుడు ఎంగిలి ముట్టుకుంటున్నాను. ఇక ఈ పూటకి వంటశాలలో కాలు పెట్టడానికి లేదు. ఉప్పు చూసినా, పులుపు చూసినా, ఎవరెక్కడ ఉండాలన్నా నీదే మాట" అన్నాడు.

నూకరత్నం ఒక్క క్షణం గరిటె వైపు చూసింది. "అలాగేనండి" అంది. తర్వాత తల ఎత్తి, జట్టులో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో, "వడ్డన! కొత్త ఆకులు, మంచినీళ్ళు తీసుకుని పందిరి కొసన నిలబడండి. ఒక వరస శుభ్రమవగానే ఒక వరస పరిచెయ్యాలి. బులిసత్యం గారూ, ఆకుకి రెండే బూరెలు. మూడోది అడిగితే ఆఖరి బంతి లేచాక అనండి" అంది. బులిసత్యం వెళ్ళి మూకుడు దగ్గర కూర్చున్నాడు.

లంకలన్నిటికీ పేరున్న వంట మేస్త్రి పందిట్లో నడుం వంచి ఎంగిలాకులు ఎత్తుతుంటే ఐదువేలమంది కళ్ళప్పగించి చూశారు. "అయ్యో, మేస్త్రీ, నువ్వా!" అని తాతబ్బాయి గారు పరుగెత్తుకొచ్చాడు.

"ఆకు లేస్తే గానీ బంతి లేవదండి. తప్పుకోండి, మెతుకులు అంటుకుంటాయి" అన్నాడు సర్వారాయుడు.

ఇంకేముంది! ఊరి కుర్రకారు పదిమంది చొక్కాలు విప్పి దిగిపోయారు. మేస్త్రి వంగాక మాకేం నామోషీ అన్నారు. గోతి దాకా వరసకట్టి నిలబడి, గంపలు చేతుల మీదుగా అందించారు. గవర్రాజును సర్వారాయుడు బలవంతంగా గట్టున కూర్చోబెట్టి, "నువ్వు చెప్పు, మేం చేస్తాం. ఈ పని నీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు" అన్నాడు. గవర్రాజు సిగ్గుపడుతూనే, "ఆ కొసనుంచి ఇటు రండి, ఎదురుగాలికి ఎత్తకండి, మడిచి ఎత్తండి" అని చెప్పసాగాడు. పావుగంట పట్టే పని ఏడు నిమిషాల్లో అయింది!

ఐదో బంతి కూర్చుంది. వెనకే వేడన్నం. ఆరో బంతి, ఏడో బంతి. పోయిన కాలమంతా దొరికిపోయింది. ఎనిమిదో బంతి వేళకి తాతబ్బాయి గారు గడియారం చూడ్డం మానేసి, వచ్చినవాళ్ళని "కూర్చోండి, కూర్చోండి, ఇంకో రెండు ముద్దలు తినండి" అని మర్యాదలు మొదలుపెట్టాడు. మూడు గంటల ఇరవై నిమిషాలకు పదో బంతి లేచింది. పది నిమిషాలు ముందే! పందిరంతా ఈలలు, చప్పట్లు. బూరెలంటారా, రెండు గంపలు మిగిలాయి.

సర్వారాయుడు చెమట తుడుచుకుంటుంటే తాతబ్బాయి గారు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఒక పొరపాటు జరిగిపోయిందయ్యా" అన్నాడు. వంతెన అవతలి కొసన రెండువందలమంది నిలబడి ఉన్నారు. ఆ వంతెన కట్టిన కూలీలు. మూడేళ్ళు నీళ్ళలో నిలబడి స్తంభాలు లేపినవాళ్ళు. వాళ్ళను పిలవడం అందరూ మరిచిపోయారు. పిలవని భోజనానికి ఎలా రావాలో తెలియక వాళ్ళు అక్కడే ఆగిపోయారు. "ఎంత సిగ్గుచేటు! వాళ్ళకు పెట్టకుండా ఏ మొహంతో సభ చేస్తాం? కానీ మీవాళ్ళు చచ్చేట్టు చేసి ఉన్నారు. ఇప్పుడు అన్నం వండే ఓపిక ఎవరికుంది?" అన్నాడాయన.

సర్వారాయుడు వంటశాల గడప బయట నిలబడి, "రత్నం, ఇంకో రెండు వందలు" అన్నాడు.

నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది. పొద్దున్న తరిగినవాళ్ళు ఒక గంట విశ్రాంతి తీసుకుని ఉన్నారు. పొయ్యి దగ్గరవాళ్ళను మధ్యాహ్నం మార్చింది. గుండిగలో ఎసరు మరుగుతూనే ఉంది. "పావుగంటండి. ఆకులెయ్యమనండి" అంది. ఎవరూ పిలవకుండానే అరవైమందీ లేచారు.

కూలీలు వచ్చి వరసగా కూర్చున్నారు. కొందరు ఇంకా సిమెంటు అంటిన చొక్కాలతోనే వచ్చారు. ఊరివాళ్ళే వాళ్ళకు వడ్డించారు. తాతబ్బాయి గారు స్వయంగా నెయ్యి పోశాడు. మిగిలిన బూరెలన్నీ వాళ్ళ ఆకుల్లో పడ్డాయి, నాలుగేసి. వాళ్ళలో ఒక ముసలి తాపీ మేస్త్రి నోట్లో ముద్ద పెట్టుకుని, "ఎన్ని వంతెనలు కట్టామండి, కూర్చోబెట్టి పెట్టిన ఊరు ఇదే" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళందరి కళ్ళూ తడిశాయి.

తాతబ్బాయి గారు సర్వారాయుడి భుజం మీద చెయ్యి వేశాడు. "బఫేవాళ్ళకి వద్దని కబురు పంపేశాను. అవతలి ఒడ్డు నుంచి నాలుగు ఊళ్ళవాళ్ళు నీకోసం నిలబడి ఉన్నారు, వెళ్ళి మాట్లాడు. ఈ లంకల్లో మీ అరవైమందికీ ఇక పనికి లోటు లేదు" అన్నాడు.

సర్వారాయుడు "మాట్లాడాల్సింది నాతో ఒక్కడితోనే కాదండి" అని నూకరత్నాన్ని చూపించాడు. "ఇకమీదట ఎవరెక్కడ ఉండాలో మేమిద్దరం కలిసి చూస్తాం. గవర్రాజుకి మనుషులెందరు కావాలో గవర్రాజే చెబుతాడు, నేను వెళ్ళి అడుగుతాను."

కూలీల బంతి లేచింది. సర్వారాయుడు ఆకుల కోసం వంగబోతుంటే ఎవరో ఆయన చేతిలోంచి గంప లాక్కున్నారు. తిరిగి చూస్తే బులిసత్యం! పంచె ఎగ్గట్టి ఉన్నాడు. కేక లేదు, కసురు లేదు. మొదటి ఆకు మడిచి గంపలో వేశాడు. రెండోది మడిచాడు. అచ్చియ్యమ్మ నవ్వుతూ అతని వెనకే నడిచింది.

కాబట్టి వినండి, పదిమందిని నడిపించేవాడు మనుషుల్ని చెవులతో కాదు, కళ్ళతో పంచాలి: గట్టిగా అడిగినవాడి దగ్గరికి పరుగెత్తేవాడు పని చెడగొట్టుకుంటాడు, మాట్లాడకుండా మోస్తున్నవాడి దగ్గరికి తనే వెళ్ళి బరువు పంచుకునేవాడు పనిని గెలిపిస్తాడు.